మూడు పొరల్లో మా పాప మడమ

మా లాస్యకి కుడి మడమ నేలకి ఆనదు. ఎడమ పాదాన్ని బుద్ధిగా మొత్తం నేల మీద పెడుతుంది. కుడి పాదం మాత్రం అటక మీది డబ్బా అందుకోబోయే మనిషిలా మునివేళ్ళ మీద లేస్తుంది. ఒక కాలు మామూలుగా, ఒక కాలు ఎత్తి ఎత్తి, ఇల్లంతా తిరుగుతుంది. చూసినవాళ్ళు నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

"మా ఆడబిడ్డా చిన్నప్పుడు అట్టాగే నడిచిందే. ఇప్పుడు చూడు, కదిలే బస్సు ఎక్కుద్ది" అంటుంది మా అత్త రాఘవమ్మ.

మా వీధికొచ్చే నర్సమ్మ మాత్రం పాప పిక్క పట్టుకు చూసి, "జ్యోతీ, పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరుకి చూపించు. ఇప్పుడైతే లేతది, చేత్తో సరిచెయ్యొచ్చు. గట్టిపడితే కోత దాకా పోద్ది" అంది. కోత అన్న మాట చెవిలో పడ్డాక నాకు అన్నం దిగలేదు. పాప పడుకున్నప్పుడు మడమ కొలుస్తాను, లేచాక కొలుస్తాను. తొమ్మిదో తరగతితో నా చదువు ఆపేశారు. లేకపోతే కొలత ఎలా కొలవాలో కూడా తెలిసి ఉండేది.

మర్నాడే పాపని చంకనేసుకుని బస్సెక్కాను. పెద్దాసుపత్రిలో చీటీల కిటికీ దగ్గరున్న ఆయన తల ఎత్తకుండానే అడిగాడు.

"వీడియో పెట్టారా?"

"పాపనే తెచ్చానండీ."

"పాపని కాదమ్మా, పాప వీడియోని. డాక్టరు వీడియో చూసి రమ్మంటేనే చీటీ."

"డాక్టరుగారు ఎక్కడుంటారండీ?"

"అదిగో, ఆ గోడ అవతల."

"పాప గోడ ఇవతలే ఉంది కదండీ."

"అదేనమ్మా వచ్చిన చిక్కు. మరీ దగ్గరగా ఉంది. ఇది దూరవీక్షణ పథకం. మీ వల్లూరుపాడులో కేంద్రం పెట్టారు. అక్కడికెళ్ళి పంపించండి, ఇక్కడ చూస్తారు."

గోడ అవతల ఎవరో ఆడమనిషి "తర్వాత ఎవరు?" అని పిలవడం నాకు స్పష్టంగా వినిపించింది. తర్వాత ఎవరూ లేరు. అందరం గోడ ఇవతలే ఉన్నాం.

ఆ గొంతే డాక్టర్ షమీమ్ గారిదని తర్వాత తెలిసింది.

వల్లూరుపాడు దూరవీక్షణ కేంద్రం ఒకప్పుడు ఎరువుల గోదాము. ఇప్పుడు లోపల ఏసీ పెట్టారు. ఏసీ మిషనుకి. మనుషులు బయట రేకుల కింద కూర్చోవాలి. మిషను దగ్గర ప్రభుదాసు అని ఒకతను ఉంటాడు. చెడ్డవాడు కాదు. ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా లేచి నిలబడతాడు, అంతే.

నేను ఫోనులో తీసిన వీడియో అతనికి చూపించాను. లాస్య వంటింట్లోంచి వసారా దాకా నడుస్తుంది. మడమ లేచిన సంగతి కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది.

"చక్కగా ఉంది చెల్లెమ్మా. కానీ ఇది కుదించిన వీడియో. ఫోను తీసేటప్పుడే నొక్కి నొక్కి చిన్నది చేసేస్తుంది. దీన్ని పొరల వీడియోగా మార్చాలి" అన్నాడు ప్రభుదాసు.

అప్పుడే లోపలి గదిలోంచి పానకాలరావు గారు వచ్చారు. ఆయన బహుపొరల దృశ్య సమన్వయాధికారి. ప్రభుదాసు ఎలాగూ నిలబడే ఉన్నాడు కాబట్టి ఇంకొంచెం నిలబడ్డాడు.

"ఏమ్మా, ప్రభుత్వం మీ కోసం ఎంత ముందుచూపుతో ఆలోచించిందో గ్రహించావా?" అన్నారాయన. "వీడియో ఒక్కటే. దాన్ని మూడు పొరలుగా విడదీస్తాం. మొదటి పొరలో ఆకారం మాత్రం ఉంటుంది. రెండోది దాని మీద పడితే మనిషి పోల్చుకోవచ్చు. మూడోది పడితే వెంట్రుకతో సహా కనిపిస్తుంది. నెట్టు బలహీనంగా ఉన్నచోట మొదటి పొర ఒక్కటే వెళుతుంది. బలంగా ఉన్నచోట మూడూ వెళతాయి. ఎక్కడా దృశ్యం ఆగిపోదు. అందరికీ అందుతుంది."

"మజ్జిగ మాదిరన్నమాట," అంది నాతో వచ్చిన మా అత్త. "చిక్కగా కావాల్సినోళ్ళకి చిక్కగా, లేనోళ్ళకి నీళ్ళు పోసి."

"అంతే పెద్దమ్మా! సరిగ్గా అంతే!" పానకాలరావు గారు సంతోషించారు.

నిజం చెప్పొద్దూ, నాకూ బాగుందనిపించింది. నెట్టు సరిగా లేని ఊరివాళ్ళం. ఏదో ఒకటి వెళితే చాలు, అసలేమీ వెళ్ళకపోవడం కన్నా నయమే కదా. మిషను పాపం తన పని తాను చక్కగానే చేసింది. లాస్యని మూడు పొరలు చేసింది.

చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది. ఏ పొర ఎవరికి పోవాలన్నది నెట్టు తేల్చదు. పానకాలరావు గారి దగ్గరున్న ఉత్తర్వు తేలుస్తుంది. రాజధానిలో ఉండే సంచాలకుల వారు అందరికన్నా పెద్ద కాబట్టి మూడు పొరలూ వారికి. డివిజను కార్యాలయానికి రెండు పొరలు. డాక్టర్లు కార్యాలయ సిబ్బంది వరసలోకి రారు. వాళ్ళకి హోదా ఇంకా ఖరారు కాలేదు. అందుకని తాత్కాలికంగా మొదటి పొర.

"సార్, మడమ చూడాల్సింది డాక్టరుగారే కదండీ?" అన్నాను.

"చూస్తుందమ్మా. ఆమె హోదాకి తగినంత చూస్తుంది."

వారానికి అభిప్రాయాలు వచ్చాయి. ప్రభుదాసు రేకుల కిందికొచ్చి చదివి వినిపించాడు. ఏసీ గదిలో మమ్మల్ని నిలబెడితే మిషనుకి ఉక్కపోస్తుందట.

సంచాలకుల వారు, అంటే మడమని వెంట్రుకతో సహా చూసినవారు, ఇలా రాశారు: 'పాప ముద్దుగా ఉన్నది. వెనుక గోడకు వేసిన రంగు ఆహ్లాదకరముగా ఉన్నది.'

డివిజనువారు: 'పై అభిప్రాయముతో ఏకీభవించడమైనది.'

డాక్టర్ షమీమ్ గారు: 'ఏదో తెల్లటిది అటునుంచి ఇటు వచ్చింది. పిల్లా, కోడా? దయచేసి మనిషినే తీసుకురండి.'

"మనిషినే తీసుకురమ్మన్నారుగా అన్నా! రేపే పోతాను" అన్నాను నేను, కళ్ళల్లో నీళ్ళు తిరిగి.

ప్రభుదాసు కాగితం వెనక్కి తిప్పి చూశాడు. "మొదటి పొర చూసిన వాళ్ళు సలహా ఇవ్వొచ్చు గానీ రమ్మనకూడదంట చెల్లెమ్మా. రమ్మనాలంటే రెండో పొర చూసినవాళ్ళు ఒప్పుకోవాలి. వాళ్ళు గోడ రంగుతో ఏకీభవించి ఊరుకున్నారు."

మా అత్త గొడుగు మడిచి లేచింది. "ఇంట్లో సున్నం వేసినోణ్ణి పిలిచి చెప్పవే, రాజధానిలో మెచ్చుకున్నారని. రెండో పూత పైసా తీసుకోకుండా వేస్తాడేమో."

పానకాలరావు గారు మాత్రం కేసుని వదల్లేదు. ఆయనకి పట్టుదల ఎక్కువ. మొదటి పొరలోనే రోగం కనిపించేలా చేస్తే చాలు, పై పొరల జోలికి పోనక్కర్లేదు అన్నది ఆయన వాదన. దానికి కొత్త మార్గదర్శకాలు రాయించారు. వెనక గోడ తెల్లగా ఉండాలి. రోగి ముదురు రంగు బట్టలు కట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, కదలిక తగ్గాలి.

"కదలికే వీడియోకి బరువమ్మా," అని విడమరిచి చెప్పారు. "కదలని దాన్ని ఒకసారి పంపితే చాలు. కదిలేదాన్ని మళ్ళీ మళ్ళీ పంపాలి. అందుకని పాప కదలకూడదు."

"నడక చూపించాలండీ."

"నడవనీ. నడవొద్దని ఎవరన్నారు? కదలకుండా నడవాలి."

నేను ప్రభుదాసు వంక చూశాను. ప్రభుదాసు మిషను వంక చూశాడు. మిషను ఎవరి వంకా చూడలేదు.

ఆ రోజు మేం చేసిన ప్రయత్నాలు చెప్పుకోవాలంటే సిగ్గు. మొదట లాస్యని ఒక కాలు ఎత్తించి బొమ్మలా నిలబెట్టబోయాం. అది కూర్చుండిపోయింది. తర్వాత పాపని మా అత్త చంకల కింద పట్టుకుంటే, వెనకాల తెల్ల దుప్పటిని నేనూ ఇంకో ఆవిడా పట్టుకుని పక్కకి నడిచాం. పాప ఉన్నచోటే ఉండి గోడ నడిస్తే చూసేవాళ్ళకి పాపే నడిచినట్టుంటుందని పానకాలరావు గారి ఊహ. దుప్పటిని చూసి లాస్య కిలకిలా నవ్వి కాళ్ళు రెండూ కొట్టింది. దుప్పటి పట్టిన ఆవిడ మోకాలి నొప్పికి వీడియో పెట్టించుకోవడానికి వచ్చింది పాపం. సాయంత్రానికి నొప్పి రెండో మోకాలికీ వచ్చింది.

"కదలిక ఇంకా ఎక్కువగానే ఉంది," అన్నారు పానకాలరావు గారు బాధగా. "ఈ వయసు పిల్లల్లో క్రమశిక్షణ లేదు."

చివరికి ఆయనకే ఒక ఉపాయం తట్టింది. రోగం ఉన్న చోటికి గుర్తు పెడితే ఎంత మసకలోనైనా కనిపిస్తుంది కదా. కేంద్రం ప్రారంభోత్సవానికి కట్టిన ఎర్ర రిబ్బను ముక్క ఇంకా దాచి ఉంచారట. దాన్ని లాస్య కుడి పాదానికి గట్టిగా చుట్టారు. వీడియో తీశారు. పొరలు చేశారు. పంపారు.

ఈసారి జవాబు వారం ఆగలేదు. అప్పటికప్పుడే వచ్చింది. డాక్టర్ షమీమ్ గారి నుంచి.

'కాలి నుంచి రక్తం ధారగా పోతున్నట్టుంది. కట్టు కట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఆలస్యం చేయవద్దు.'

నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఎర్ర గుడ్డ అని నాకు తెలుసు. అయినా రిబ్బను విప్పి పాదం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. తల్లి మనసు. ఇంత చదువుకున్నావిడ రక్తం అంటే ఎక్కడో ఉండే ఉంటుందనిపించింది.

పానకాలరావు గారు మాత్రం కుర్చీలోంచి లేచి ప్రభుదాసు చేతులు పట్టుకున్నారు.

"మొదటి పొరలోనే రోగనిర్ధారణ! రాష్ట్రంలో ఇదే మొదలు!"

"సార్, రక్తం లేదండీ..."

"రక్తం ఉందా లేదా అన్నది వైద్యపరమైన వివరమమ్మా. దానిలోకి మనం పోకూడదు. దృశ్యపరంగా విజయం."

"మరయితే ఆసుపత్రికి తీసుకుపొమ్మంటారా?"

"ఎందుకు? రక్తం లేదన్నావుగా!"

మా అత్త ఒక మాట అంది గానీ అది రాయదగింది కాదు.

ఆ రాత్రి లాస్య మడమకీ నేలకీ మధ్య నా వేలు పెట్టి చూశాను. ఇదివరకు ఇరుగ్గా దూరేది. ఇప్పుడు సులువుగా దూరింది. మా ఆయన లారీ లోడుతో ఒంగోలు వెళ్ళాడు. ఫోను చేసి ఏడిచాను. "ఏడవకే. వచ్చాక ఆ గోడ నేనే పడగొడతా" అన్నాడు. ఆయన పడగొడితే అదొక కేసు.

విజయం రాజధాని దాకా పాకింది. పొరల వారోత్సవం అని ఒకటి ప్రకటించారు. విజయం జరిగింది వల్లూరుపాడులో కాబట్టి వల్లూరుపాడులోనే కార్యశాల అన్నారు. జిల్లాలోని డాక్టర్లందరూ తప్పనిసరిగా రావాలి. ప్రయాణం చెయ్యకుండా రోగిని ఎలా చూడాలో నేర్పడానికి వాళ్ళందరినీ బస్సుల్లో ఎక్కించి తీసుకొచ్చారు. ఆ రోజు పెద్దాసుపత్రిలో గోడకి అటూ ఎవరూ లేరు.

మమ్మల్నీ రమ్మన్నారు. ఆదర్శ కేసు కదా. "ఎర్ర రిబ్బను మర్చిపోకండి" అని ప్రభుదాసు ఇంటికొచ్చి మరీ చెప్పాడు.

కార్యశాల కల్యాణమండపంలో పెట్టారు. లోపలంతా పొరల పద్ధతే. ముందు వరసలో పై అధికారులకి మెత్తటి కుర్చీలు, కాఫీ, జీడిపప్పు. మధ్య వరసకి ప్లాస్టిక్ కుర్చీలు, టీ. డాక్టర్లకి వెనక బల్లలు. వాళ్ళ దాకా వచ్చేసరికి టీ ఆకారం మాత్రం ఉంది. వేదిక మీద పెద్ద తెర. పానకాలరావు గారు మైకు అందుకున్నారు.

"మనం ఈ రోజు చారిత్రక ఘట్టాన్ని వీక్షించబోతున్నాం. రోగి ఈ సభలోనే ఉన్నది. వైద్యులూ ఈ సభలోనే ఉన్నారు. అయినా ఒకరినొకరు చూసుకోరు! రోగి దృశ్యం ఇక్కడి నుంచి రాజధానికి వెళ్ళి, మూడు పొరలుగా మారి, తిరిగి ఈ తెర మీదికి వస్తుంది. అప్పుడు మాత్రమే వైద్యులు వీక్షిస్తారు."

మమ్మల్ని వేదిక ముందు నిలబెట్టి, ప్రభుదాసు కెమెరా పెట్టి లాస్యని తీశాడు. తెర మీద ఒక చక్రం తిరగడం మొదలైంది. పై అధికారులు చక్రాన్ని శ్రద్ధగా చూస్తున్నారు.

వెనక బల్ల మీది నుంచి ఒకావిడ లేచి నిలబడింది. తెల్ల కోటు, మెడలో గొట్టం. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుంది.

"రక్తం కారిన పాప ఏమైంది సార్? నేను ఎన్నిసార్లు కబురు చేశాను? ఎవరూ తీసుకురాలేదే!"

ఆ గొంతు నాకు తెలుసు. గోడ అవతలి గొంతు.

"డాక్టరుగారూ, ఈ పాపేనండీ!" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, ముందు వరస మొత్తం నా వంక తిరిగింది.

"డాక్టర్ షమీమ్ గారూ, దయచేసి అటు చూడకండి!" పానకాలరావు గారు మైకులో అరిచారు. "ఆ పాప ఇంకా మార్పిడి కాలేదు!"

డాక్టరమ్మ అప్పటికే ఇటు చూసేసింది. "మార్పిడి కాని పాపని చూస్తే ఏమవుతుంది సార్?"

"అసలు దృశ్యాన్నే చూసేస్తే పొరలకి అర్థమేముంది మేడం? కుదించని రోగిని వీక్షించడానికి మనకి ఉత్తర్వులు లేవు. తెర వంక చూడండి. వచ్చేస్తోంది."

తెర మీద చక్రం తిరుగుతోంది.

నేను పెద్దగా ధైర్యం ఉన్నదాన్ని కాను. బస్సులో టికెట్ చిల్లర అడగడానికి కూడా మొహమాటపడతాను. కానీ మళ్ళీ వాళ్ళంతా బస్సులెక్కి వెళ్ళిపోతారు. మళ్ళీ గోడ ఉంటుంది. లోపల ఏదో తోసింది. లాస్య కాలి రిబ్బను విప్పేసి, కిందికి దించి, వరసల మధ్య దారిలో వదిలాను.

"పో అమ్మా. పో."

ఒక కాలు మామూలుగా, ఒక కాలు ఎత్తి, లాస్య బయల్దేరింది. జీడిపప్పుల దగ్గర ఒక క్షణం ఆగింది. మా అత్త వెనక నుంచి "నడువే బంగారం" అంటే మళ్ళీ కదిలింది. ప్లాస్టిక్ కుర్చీలు దాటింది. డాక్టరమ్మ బల్లల మధ్య నుంచి బయటికొచ్చి తివాచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చేతులు చాచింది. పాప పోయి మెడలో గొట్టం పట్టుకుంది.

"మేడం! మీరు పాపని పరీక్షిస్తున్నారా?"

"లేదు సార్. ఆడుకుంటున్నాను."

పానకాలరావు గారు మైకు చేత్తో మూసి పక్కనున్న పై అధికారిని అడిగారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఉత్తర్వు తిరగేశారు. "ఆట గురించి ఏమీ లేదయ్యా. ఆడుకోనీ" అన్నారు.

డాక్టరమ్మ ఆడుకుంది. పాప మోకాలు మడిచి పాదం పైకి వంచింది. మోకాలు చాపి మళ్ళీ వంచింది. నడుము నొక్కింది, వీపు నిమిరింది. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసింది. నేను ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

"మోకాలు మడిస్తే మడమ దిగుతోంది. చాపితే దిగట్లేదు, చూశావా? పిక్క కండ బిగుసుకుంది. ఎముకలు బానే ఉన్నాయమ్మా."

"కోత..."

"ఎవరన్నారు? ఇంకో ఏడాది ఇలాగే వదిలేసుంటే చెప్పలేం. ఇప్పుడైతే లేతగా ఉంది. ఇటు చెయ్యి."

నా చేతిని తీసుకుని పాప మడమ కింద పెట్టింది. నా ఇంకో చేతిని మోకాలి మీద పెట్టింది. మెల్లగా, ఏడిపించకుండా, ఇలా వంచి ఉంచాలని చూపించింది. స్నానం చేయించాక ఒకసారి, పడుకోబెట్టే ముందు ఒకసారి. నేను రెండుసార్లు తప్పు చేశాను. మూడోసారి "ఆ, అంతే" అంది. ఆ రెండు మాటలకే నాకు ఏడుపొచ్చింది.

"సోమవారం ఆసుపత్రికి తీసుకురా. ఒక చిన్న బూటు చేయిస్తాను."

"చీటీ ఇవ్వరండీ."

"చీటీ కిటికీ వైపు రాకు. వెనక చేతులు కడుక్కునే పంపు పక్కన ఒక తలుపుంది, నేను అటు నుంచే వస్తాను. తలుపు కొట్టి షమీమ్ అని పిలువు."

"మేడమని పిలుస్తానండీ."

"ఎలాగైనా పిలువు. పాపని మాత్రం తీసుకురా. వీడియో వద్దు."

లాస్యని ఎత్తుకుని లేచాను. మా అత్త ముందు వరస దాటుతూ పళ్ళెంలో మిగిలిన జీడిపప్పులు కొంగులో పోసుకుంది. "కేసు మాదేగా" అంది అడిగిన వాళ్ళతో. పానకాలరావు గారు మమ్మల్ని చూడలేదు. ఆయనే కాదు, ముందు వరసలో ఎవరూ చూడలేదు. చక్రం ఎక్కడ ఆగిపోతుందోనని రెప్ప వెయ్యకుండా తెరనే చూస్తున్నారు.

మెట్లు దిగి ఎండలోకి వచ్చామో లేదో లోపల ఒక్కసారిగా చప్పట్లు మోగాయి. ఈలలు కూడా వేశారు. ప్రభుదాసు గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చాడు.

"చెల్లెమ్మా! వచ్చేసింది! తెర మీద పాప వచ్చేసింది, మొదటి పొర! తెల్లగా, గుండ్రంగా! రండి, చూద్దురు గాని!"

చప్పట్లు తనకే అనుకుంది లాస్య. నా భుజం మీది నుంచి మండపం వైపు తిరిగి, పాలపళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ, తనూ రెండు చేతులూ కలిపి కొట్టింది. నేను దాని మడమని గుప్పిట్లో పట్టుకుని, మెల్లగా పైకి వంచి, అట్టాగే పట్టుకుని బస్సు కోసం నడిచాను.